పదో భాగంలో రాయని వాక్యం

ఆ వానాకాలమంతా మా పెద్దమ్మా పెదనాన్నా ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే కలిసి ఒక నవల రాశారు. ఆయన మేడమీది గదిలో, ఆవిడ కింద వంటింటి బల్ల దగ్గర. మధ్యలో పద్నాలుగు మెట్లు. ఆ మెట్ల మీద నేను.

వాళ్ళ నవలలు ఒక వారపత్రికలో సీరియల్‌గా వచ్చేవి, ఒకే పేరుతో. పేరు పెదనాన్నది, ఫోటో పెదనాన్నది, పని ఇద్దరిదీ. ఒకటి, మూడు, అయిదు భాగాలు ఆయన రాస్తే, రెండు, నాలుగు, ఆరు ఆవిడ రాసేది. ఇరవైరెండేళ్ళుగా అదే పద్ధతి. ఆ పద్ధతికి ఒకటే కట్టుబాటు: ఒకరు రాసింది రెండోవారు చదవకూడదు, వినాలి. పొద్దున్నే టీ గ్లాసులు ముందు పెట్టుకుని ఆయన తన భాగం చెప్పేవారు, ఆవిడ ఊఁ కొట్టేది. ఆ పూటే తన భాగం మొదలుపెట్టేది. "చదివితే మాటలు అంటుకుంటాయే, వింటే కథ అంటుకుంటుంది," అనేది పెద్దమ్మ. అచ్చయి వచ్చిన పత్రిక వైపు కూడా ఇద్దరూ చూసేవారు కాదు. వేసిన అడుగు వెనక్కి తిరిగి చూసుకుంటే వెయ్యబోయే అడుగు తడబడుతుందని పెదనాన్న నమ్మకం.

నన్ను ఆ ఇంటికి తెచ్చింది సరిచూడడానికి. "పద్యాలు రాసే పిల్ల, మాత్రలు లెక్కపెట్టే పిల్ల, పేజీలు చూసిపెట్టలేదా?" అని పెద్దమ్మ మా అమ్మనడిగి తీసుకొచ్చింది. నడిస్తే చప్పుడు కాదనీ, పిలిస్తే పలకననీ నాకు అక్కడ పిల్లి అని పేరు. మెట్ల కింద ఒక మంచం, మంచం కింద ఒక రేకు డబ్బా. డబ్బాలో ప్రతి పాత్రకీ ఒక అట్టముక్క: వయసెంత, ఏ చెంప మీద మచ్చ, ఎవరికి ఎవరేమవుతారు, ఎవరెప్పుడు పోయారు. మంగళవారం రాతప్రతి నా చేతికొస్తుంది. అట్టముక్కలతో పోల్చి చూసి, బుధవారం ప్రెస్సు వ్యాను డ్రైవరుకి అందించాలి. వాళ్ళు మాట్లాడుకున్నన్నాళ్ళూ ఆ డబ్బాతో నాకు పెద్ద పని పడలేదు.

మాటలు ఆగింది ఆ సీరియల్ మొదలైన వారమే. తడిసిన గొడుగు గుమ్మంలో ఆరబెడుతూ పక్కింటి నర్సు ఉత్సాహంగా అంది:

"మీ దస్తూరీ అంత బాగుంటుందని నాకు తెలీనే తెలీదు పిన్నిగారూ! బాబాయిగారు పత్రికలో చెప్పారుగా."

"ఏమని?" అంది పెద్దమ్మ.

"ఇంటర్వ్యూలోనండీ. ఇంట్లో మీకు సాయం ఎవరని అడిగితే, 'మా ఆవిడ ఫెయిర్ కాపీ రాసిపెడుతుంది, ముత్యాల్లాంటి అక్షరాలు' అన్నారు. ఎంత మంచివారో చూడండి!"

పెద్దమ్మ నర్సుకి టీ ఇచ్చింది, గొడుగు దులిపి చేతికందించింది, వీధి గుమ్మందాకా సాగనంపింది. మర్నాడు పొద్దున్న పెదనాన్న టీ గ్లాసు మేడమీదికి పంపింది, నా చేత.

"కిందికి రమ్మనలేదా?" అన్నారాయన.

"లేదు పెదనాన్నా."

"తలనొప్పా?"

"కాదనుకుంటా."

గ్లాసు వైపు కాసేపు చూశారు. ఆయనకి అర్థమైంది, అర్థమైనట్టు కనపడకూడదని కిటికీ వైపు తిరిగారు. "సరే, రెండో భాగం మొదలుపెట్టాలిగా. మొదటి భాగం నీకు చెప్తాను, నువ్వెళ్ళి చెప్పు."

చెప్పారు. పద్నాలుగు మెట్లూ దిగుతూ పద్నాలుగుసార్లు నెమరువేసుకున్నాను. "పెద్దమ్మా, ఇందులో ఒక ఇంజనీరు..." అన్నానో లేదో, చెయ్యెత్తి ఆపేసింది.

"నాకెందుకే? ఫెయిర్ కాపీ రాసేదానికి కథతో పనేముంది? మనుషుల పేర్లు చెప్పు, చాలు."

ఆ మాట పైకి మోసుకెళ్ళాను. "అయితే ఆవిడ కథ నాకూ చెప్పకు," అన్నారు పెదనాన్న. ఆ రోజు నుంచి ఒకే కథని ఇద్దరూ, రెండు గదుల్లో, రెండు దిక్కులకి నడిపించారు. నోరు తెరిచి ఇదేం పని అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు. నాకు చేతనైంది అతుకు వెయ్యడం. వేశాను.

కథలో మనుషులు ముగ్గురే. రేవు దగ్గర వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ, ఓడలో ఇంజనీరుగా చేసే ఆవిడ భర్త, అతని తల్లి. మూడో భాగంలో పెదనాన్న ఇంజనీరు కుడికాలు విరగ్గొట్టారు. నాలుగో భాగంలో పెద్దమ్మ అతణ్ణి నిచ్చెనెక్కించి ఇంటి కప్పు బాగుచేయించింది. అచ్చయిపోయినదాన్ని మార్చలేం, రాబోయేదాన్నే మార్చుకోవాలి. అందుకని నిచ్చెన దగ్గర ఒక పొరుగాయన్ని నిలబెట్టి, ఎక్కే పని ఆయనకి అప్పగించి, ఇంజనీరు చేత కింద కూర్చుని సలహాలు చెప్పించాను. అయిదో భాగంలో పెదనాన్న ముసలావిణ్ణి చంపి, వీధి వీధంతా ఏడిపించారు. ఆరో భాగం మొదటి పేరాలోనే ఆవిడ లేచి కూర్చుని కోడల్ని వేణ్ణీళ్ళు పెట్టమంది. ఏం చెయ్యను? పోయినావిడకి ఒక చెల్లెల్ని పుట్టించాను. అదే గొంతు, అదే విసురు, అదే వేణ్ణీళ్ళ పిచ్చి. ఆ ఉదయమే సంచీతో సహా గుమ్మంలో దింపాను. ఏడో భాగంలో పెదనాన్నకి ఆ చెల్లెలి ఊసే తెలీదు. కళ్ళజోడు మార్పించుకోవడానికి పొరుగూరు వెళ్ళిందని ఒక్క వాక్యం ఇరికించాను.

నా అతుకులు చూసుకుని నేనే మురిసిపోయేదాన్ని, దాచడమెందుకు? కుట్టు కనపడకపోవడమే కుట్టుపనితనం. పద్యంలో ఎక్కడో ఒక మూల నా గొంతు వినిపిస్తుంది. ఇక్కడ ఎక్కడా వినిపించదు. పిరికివాళ్ళకి అది గొప్ప సుఖం.

ఆరోవారంలో నాకొక ఉత్తరం వచ్చింది. కొండల అవతలి పట్నంలో ఒక గ్రంథాలయం. పుస్తకాల జాబితా రాసే ఉద్యోగం, వెనకవైపు ఒక చిన్న గది. వానలు వెనకబట్టే నెల, ఒకటో తారీఖున చేరాలి. చేరకపోతే ఇంకొకరికి ఇస్తారు. ఆ ఉత్తరం చదివిన క్షణం నుంచీ మెట్ల కింద చోటు ఇరుకైపోయింది. అంతకుముందూ అంతే ఇరుకు. కాకపోతే తెలిసేది కాదు. పైన పెదనాన్న కుర్చీ కిర్రుమంటే నా తల మీదే కిర్రుమన్నట్టుండేది. వంటింట్లో పెద్దమ్మ కలం విదిలిస్తే నా చెవి పక్కనే విదిలించినట్టుండేది. గోడలకి చెమ్మ, కాగితాలకి చెమ్మ, పక్కబట్టలకి చెమ్మ. బయట వాన.

మూడు రోజులు మాటలు కూడగట్టుకుని పెద్దమ్మకి చెప్పాను.

"వెళ్ళవే, ఎందుకెళ్ళవూ?" అంది రాస్తూనే. "సీరియల్ పన్నెండు వారాలేగా. ఒకటో తారీఖుకి నాలుగు రోజుల ముందే అయిపోతుంది. సరిగ్గా సరిపోయింది."

పెదనాన్న కూడా అంతే అన్నారు. ఇంత తేలికా అనుకున్నాను. మంచం పక్క గోడ మీద పెన్సిలుతో ఆరు గీతలు గీసుకున్నాను, వారానికొకటి చెరపడానికి.

రెండు చెరిపాక హాల్లో ఫోన్ మోగింది. ఎడిటర్ గారు.

"అమ్మాయ్, మాస్టారికి చెప్పు. ఉత్తరాలు సంచుల్లో వస్తున్నాయి! ఆ ముసలావిడ చెల్లెలుంది చూడు, ఏం మనిషండీ బాబూ, మా ఆవిడ ఆవిడ కోసమే పత్రిక తిప్పుతోంది. పన్నెండు భాగాలేమిటి, ఇరవైనాలుగు చేద్దాం. వచ్చే సంచికలో ప్రకటన కూడా వేసేస్తున్నా."

ఫోన్ పెట్టేశాక కూడా నా చెయ్యి దాని మీదే ఉండిపోయింది. నేను పుట్టించిన మనిషే వచ్చి నా దారికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చుంది.

పైకెళ్ళి చెప్పాను. పెదనాన్న కుర్చీలోంచి లేచారు. "ఇరవైనాలుగే! నేను చెప్పలా? ఈ కథలో పట్టుంది!"

"పెదనాన్నా, మరి ఒకటో తారీఖున నేను..."

"ఎక్కడికే? నువ్వు పోతే కిందికీ పైకీ తిరిగేదెవరు? నేనా?"

కిందికెళ్ళి చెప్పాను. పెద్దమ్మ కలానికి మూత పెట్టింది, మళ్ళీ తీసింది.

"ఇప్పుడెలా వెళ్తావే పిల్లీ? నువ్వు లేకపోతే ఆయనతో నేను మాట్లాడాల్సొస్తుంది."

ఆ మాట ఎంత మామూలుగా అందంటే, ఉప్పు అయిపోయిందని చెప్పినట్టే ఉంది. నేను వెళ్ళి ఏడో మెట్టు మీద కూర్చున్నాను. పైనా ఏడు, కిందా ఏడు. కథ ఎక్కడా చిరగకుండా చూస్తున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. కథ చిరిగితే వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడక తప్పదు. చిరగనివ్వంది నేను. ఒక్కొక్క అతుకూ వేసి, వాళ్ళ మౌనాన్ని రోజూ ఇస్త్రీ చేసి ఇస్తున్నది నేను.

తొమ్మిదో భాగం పెదనాన్నది. అందులో ఇంజనీరుకి అనుమానం పుట్టింది. భార్యని పైగదిలో పెట్టి బయటినుంచి తాళం వేశాడు. రేవుకి నడిచాడు. తాళంచెవి నీళ్ళలో జారవిడిచాడు. "నీరు మూసుకుంది" అని ఆఖరి వాక్యం. మంచి వాక్యం. అది వెళ్ళింది, అచ్చయింది.

మరుసటి మంగళవారం పెద్దమ్మ పదో భాగం ఇచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ పొద్దున్నే లేచి, తల దువ్వుకుని, మెట్లు దిగి, గొడుగు వేసుకుని గుండీలు కొనడానికి బజారుకి వెళ్ళింది. పదకొండు పేజీలు. దుకాణంలో ఒక్కొక్క గుండీ వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూసింది, రంగు కలవక నాలుగు దుకాణాలు తిరిగింది, వానలో నవ్వుకుంటూ నడిచింది. ఆ నవలంతటిలో అంత బాగున్న భాగం లేదు. ఎవరో ఆవిణ్ణి బంధించారని రాసినావిడకి తెలీదు, అందుకే అంత బాగుంది.

అతుకు సులువే. రెండో తాళంచెవి ఒకటి ఎప్పుడూ దిండు కింద ఉండేదని ఒక్క వాక్యం. మొదటి పేజీ పై అంచులో చోటు కూడా ఉంది. బుధవారం పొద్దున్న కలం తీశాను. బయట వ్యాను ఆగిన చప్పుడైంది. డ్రైవరు గుమ్మంలో నిలబడి చొక్కా పిండుకుంటున్నాడు.

"అయిందామ్మా?"

"అయింది," అన్నాను.

మూత పెట్టిన కలం చేతిలోనే ఉంది. కాగితాలు తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

తరువాతి వారం, పదకొండో భాగం కూడా ప్రెస్సుకి వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ఎడిటర్ గారే వచ్చారు. చంకలో ఉత్తరాల కట్ట, మోకాళ్ళదాకా బురద. ఇంటికొచ్చిన మనిషి కనక పెద్దమ్మ వంటింట్లోంచి రాక తప్పలేదు, పెదనాన్న మెట్లు దిగక తప్పలేదు. హాల్లో ఈ చివర ఆవిడ, ఆ చివర ఆయన. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని గోడవార నిలబడ్డాను.

"వినండి మాస్టారూ," అని ఆయన ఒక ఉత్తరం తీశారు. "'తొమ్మిదో భాగం చివర తాళంచెవి సముద్రంలో పడింది. పదో భాగం మొదట్లో ఆవిడ బజారులో గుండీలు బేరం చేస్తోంది. మీ పత్రికలో ఎడిటర్ ఉన్నాడా, ఆయన కూడా గుండీలకి వెళ్ళాడా?' ఇదీ వరస! ఇలాంటివి మూడొందలు. ఒకాయన తాళాలు బాగుచేసేవాడట, తనని పిలవనందుకు నొచ్చుకున్నాడు. ఎలా వచ్చిందండీ ఆవిడ బయటికి?"

"బజారేమిటి?" అన్నారు పెదనాన్న.

"తాళమేమిటి?" అంది పెద్దమ్మ, అదే క్షణంలో.

ఎడిటర్ గారు ఆయన వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. "మీకు తెలీకపోవచ్చు లెండమ్మా, ఇది కథలో..."

"నాకే తెలియాలి," అంది పెద్దమ్మ. "పదో భాగం రాసింది నేను."

ఎడిటర్ గారి చేతిలో ఉత్తరం అలాగే ఉండిపోయింది. ఆయన నవ్వబోయి, ఎవరూ నవ్వకపోవడం చూసి, పెదనాన్న వైపు తిరిగారు. ఆయన ఒక్క మాట కాదంటే చాలు, అది పెద్దమ్మ వేళాకోళం అయిపోయేది. ఆయన కళ్ళజోడు తీశారు. లాల్చీ అంచుతో తుడిచారు. పెట్టుకున్నారు.

"సరి భాగాలన్నీ ఆవిడవే," అన్నారు. "ఈ నవలలోనే కాదు. అన్నిట్లోనూ."

తరువాత, డెబ్భై రోజుల తరువాత, ఆవిడ వైపు తిరిగారు.

"ఎలా బయటికి తెచ్చావు?"

"మీరు తాళం వేశారని నాకెవరు చెప్పారు?"

"నువ్వు విననన్నావు."

"మీరు దిగి రాలేదు. పద్నాలుగు మెట్లు!"

"నేనా ఇంటర్వ్యూలో..."

"అన్నారా, అనలేదా?"

"అన్నాను. ఏదో తొందరలో..."

"ఇరవైరెండేళ్ళు తొందరా?"

అప్పుడు ఇద్దరూ ఒకేసారి నా వైపు తిరిగారు. తప్పు ఎవరిదో తేల్చుకోలేని ఇద్దరికి నేను కనపడ్డాను.

"పిల్లీ, నువ్వు చూడలేదా?" అన్నారు పెదనాన్న.

లేదంటే సరిపోయేది. పొరపాటు, క్షమించండి, ఇకముందు జాగ్రత్తగా ఉంటాను. ఆ మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి, నలిగి, మెత్తబడి, చెప్పడానికి వీలుగా. పళ్ళెం బల్ల మీద పెట్టాను.

"చూశాను," అన్నాను.

"చూసి?"

"వదిలేశాను. ఒకటో తారీఖున నేను వెళ్ళాలి."

ఎడిటర్ గారు ఉత్తరాల కట్ట సర్దుకుని, వచ్చే సంచికలో సవరణ వేయాలి, ఏమని వేయమంటారని అడిగారు. పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "తప్పని వేయకండి. ఆవిడ బయటికొచ్చింది, అంతే. ఎలా వచ్చిందో పన్నెండో భాగంలో నేను చెప్తాను." కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. "ఇంటర్వ్యూకి వేయండి సవరణ. రాసుకోండి, నేను చెప్తున్నాను." ఎడిటర్ గారు జేబులు తడుముకుంటుంటే పెదనాన్న బల్ల మీది కాగితం తీసుకుని, ఆవిడ ఒక్కొక్క మాటా చెబుతూ ఉంటే, తల వంచుకుని రాశారు. రెండుచోట్ల ఆవిడ కొట్టేయించింది. ఆయన కొట్టేశారు.

ఎడిటర్ గారు వెళ్ళాక వంటింట్లో గ్లాసులు కడుగుతున్నాను. పెద్దమ్మ వెనకనుంచి వచ్చింది.

"పదిమందిలో పరువు తీశావు."

నేను నీళ్ళు పోస్తున్నాను.

"వెళ్ళేదానివి నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"రెండుసార్లు చెప్పాను పెద్దమ్మా."

బల్ల తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది. వెళ్ళమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. ఆ తరువాత పది రోజులూ అనలేదు. నేను చేసింది ఆవిడకి మేలో కీడో ఆవిడే ఇంకా తేల్చుకోలేదు. నాతో ముభావంగా ఉండేది, టీ మాత్రం కింద బల్ల మీదే రెండు గ్లాసుల్లో పోసేది. పెదనాన్న మొదటి రోజు మెట్లన్నీ దిగి, ఆఖరి మెట్టు దగ్గర కాసేపు నిలబడ్డారు. రెండో రోజు నిలబడలేదు.

ఒకటో తారీఖుకి ముందురోజు పొద్దున్న నా సంచీ సర్దుకున్నాను. రేకు డబ్బా తీసుకెళ్ళి వాళ్ళ బల్ల మీద పెట్టాను. పెట్టిన సంగతి కూడా వాళ్ళు చూడలేదు.

"ఆవిణ్ణి కిటికీలోంచి దింపానంటే నేనొప్పుకోను. ఆ కిటికీకి ఊచలున్నాయి, మొదటి భాగంలోనే పెట్టాను," అంటున్నారు పెదనాన్న.

"ఊచలున్నాయని మీరు నాకు చెప్పారా? అయినా ఊచలెందుకండీ బట్టలు కుట్టుకునేవాళ్ళింట్లో? అదేమన్నా జైలా?"

"రేవు వీధి, దొంగలుంటారు..."

"దొంగలుంటారని ఊచలు, అనుమానమొచ్చిందని తాళం! మీరొక పని చెయ్యండి, ఆవిడకి సంకెళ్ళు కూడా వేసెయ్యండి!"

"నన్ను చెప్పనిస్తావా?"

"చెప్పండి, వింటున్నాగా!" అంది, వినకుండానే.

వెళ్ళొస్తానని చెప్పడానికి ఎక్కడో ఒకచోట చిన్న సందు దొరుకుతుందని సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాను. నాకు ఎప్పుడూ అదే అలవాటు, ఎదుటివాళ్ళు ఆగితేనే మాట్లాడడం. ఆయన ఆగేలోపు ఆవిడ అందుకుంటోంది, ఆవిడ ఊపిరి తీసుకునేలోపు ఆయన అందుకుంటున్నారు. చాలాసేపు చూశాను. బస్సుకి టైమైపోతోంది.

వీధిలోకి దిగాను. వాన లేదు. నాలుగిళ్ళు దాటాక కూడా వాళ్ళ గొంతులు వినిపిస్తూనే ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి పడుతూ. మలుపు తిరిగాక ఆగి చెవి ఒగ్గాను. ఇక వినిపించలేదు. నడిచాను.